మిరపకు ఊరు దొరికింది, ఏరినవాళ్ళకు దొరకలేదు

2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఆ కాయకు కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ గుర్తింపు వెనుక మహబూబాబాద్ జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం కృషి ఉంది, విత్తనాన్ని కాపాడుకుంటూ వచ్చిన రైతుల ఓపిక ఉంది. అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. కాయ ఈ నేలదేనని దేశం ఒప్పుకుంది. భూపాలపల్లి, ములుగు చేలల్లో మిర్చి ఏరి, కల్లంలో ఆరబోసి, తాలు వేరుచేసి, బస్తాలకెత్తే కూలీల్లో ఎందరో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయ ఆదివాసీలు. వాళ్ళు వచ్చి ఇరవై ఏళ్ళయింది. వాళ్ళు ఈ నేలవాళ్ళని ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ నోరు రావడం లేదు.

వాళ్ళు సరదాకి రాలేదు. 2005 జూన్‌లో బస్తర్‌లోని బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. ఒకపక్క జుడుం, సాయుధ బలగాలు, ఇంకోపక్క మావోయిస్టులు. శిబిరాల్లో బతకలేనివాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, కొందరు గోదావరి దాటి, ఉమ్మడి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిపడ్డారు. జుడుం పేరుతో ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు వచ్చింది గానీ, తిరిగి వెళ్ళడానికి చాలామందికి ఊరు మిగల్లేదు.

ఇక్కడ ఏం దొరికింది? తాడ్వాయి అడవిలో గుడిసె వేసుకున్న కుటుంబం సంగతే చూడండి. వచ్చినప్పుడు అది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయింది. 2019లో ములుగు జిల్లా అయింది. ఉన్నచోటు నుంచి కదలకుండానే మూడు జిల్లాలు చూశారు. ఏ జిల్లా కూడా వాళ్ళను తనవాళ్ళుగా రాసుకోలేదు. కొందరికి ఆధార్ వచ్చింది, ఓటు వచ్చింది. కులపత్రం రాలేదు, పట్టా రాలేదు. ఎన్నో గూడేలకు రోడ్డు లేదు, కరెంటు లేదు. అడిగితే అటవీ భూమి అంటారు.

చట్టం అడ్డమొస్తుందని అధికారులు చెప్పే మాట నిజమే, కానీ ఆ అడ్డం ఎలాంటిదో చూడాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం మంటలు లేచింది అదే ఏడాది జూన్‌లో. ప్రాణభయంతో ఆ తర్వాత ఏళ్ళలో పరుగెత్తి వచ్చినవాళ్ళు గడువు దాటి వచ్చారట! ఇక ఎస్టీ హోదా. ఛత్తీస్‌గఢ్‌లో గోండులుగా, మురియాలుగా జాబితాలో ఉన్నవాళ్ళు సరిహద్దు దాటగానే ఆదివాసీలు కాకుండా పోయారు. ఒక రాష్ట్రపు ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు చెప్పిందంటారు. ఆ కేసు ముంబైలో మెడికల్ సీటు కోసం వచ్చింది, ఇళ్ళు కాలి పారిపోయి వచ్చినవాళ్ళ గురించి కాదు. జాబితా మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది, సిఫారసు చేసే వీలు రాష్ట్రానికి ఉంది. కావాల్సింది మనసు.

ఆ మనసు లేకపోతే ఏమవుతుందో 2017 సెప్టెంబరులో జలగలంచ అనే గొత్తికోయ గూడెంలో చూశాం. అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చేశారు, అడ్డుకున్న ఆడవాళ్ళను చెట్లకు కట్టేశారు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును గొత్తికోయలిద్దరు చంపారు. ఘోరం అది. కర్తవ్యంలో ఉన్న మనిషి ప్రాణం అది. నేరం చేసినవాళ్ళకు కోర్టు యావజ్జీవం వేసింది. కానీ తీర్పు రాకముందే ఒక పంచాయతీ గొత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని తీర్మానించింది. ఇద్దరి నేరానికి జాతి మొత్తాన్ని శిక్షించే ఆలోచన మన ఊళ్ళకు ఎప్పుడు అబ్బింది?

వాళ్ళ విలువ తెలియాలంటే ఫిబ్రవరిలో మిరప చేనుకు పోయి చూడండి. కాయ పండి ఎరుపెక్కాక ఆగదు. ఆలస్యమైతే చెట్టుమీదే ఎండి రంగు దిగుతుంది, వాన పడితే మచ్చ తేలుతుంది. కొద్ది వారాల్లో చేనంతా ఏరాలి, మళ్ళీ రెండో ఏరుడుకు రావాలి. తొడిమ ఊడకుండా, కొమ్మ విరక్కుండా, పచ్చికాయ తెంపకుండా ఏరడం పనిమంతులకే వస్తుంది. ఘాటుకు చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, రాత్రి నిద్ర పట్టదు. కూలీలు దొరక్క రైతు తల పట్టుకున్నప్పుడు గూడెం నుంచి తెల్లారేసరికి నడిచొచ్చేది వీళ్ళే. ఎనుమాముల మార్కెట్లో ఎర్రటి బస్తాల వరుసలను ఫొటో తీసి పత్రికల్లో వేస్తాం. ఆ ఫొటోలో ఈ మనుషులు ఉండరు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు, బీజాపూర్ జిల్లా నుంచి ములుగు మిరప తోటల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ళ పిల్ల ఇంటికి మూడు రోజులు నడిచి, ఊరికి దగ్గర్లోనే చనిపోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. పన్నెండేళ్ళ పిల్ల మన తోటల్లో కాయ ఎందుకు ఏరుతోందని మనల్ని మనం అడగలేదు.

పని చేయించుకుని మనుషుల్ని పరాయివాళ్ళుగా చూడటం ఈ ప్రాంతానికి తగదు. జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను గింజ కోసం విసునూరు దేశ్‌ముఖ్‌నే ఎదిరించింది. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న ప్రాణమిచ్చాడు. దున్నేవాడిదే భూమి అని దేశానికి చెప్పిన నేల ఇది. మన పద్మశాలీలు బతుకుదెరువుకు భివండి, షోలాపూర్, సూరత్ వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడ వాళ్ళను తరిమేస్తే మనం ఊరుకుంటామా? మహబూబాబాద్ తండాలవాళ్ళ పూర్వీకులు ఎడ్లమీద సరుకులు మోస్తూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళు లేని మహబూబాబాద్‌ను ఊహించగలమా? రెండేళ్ళకోసారి మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్ కోయలు వస్తే బొట్టుపెట్టి ఆహ్వానిస్తాం. జాతర అయిపోయాక ఇక్కడే ఉండిపోతే పరాయివాళ్ళా?

గొత్తికోయల పిల్లలు చాలామంది ఇక్కడే పుట్టారు. తెలుగులో చదువుతున్నారు. బీజాపూర్ అంటే వాళ్ళకు అమ్మమ్మ చెప్పే కథ మాత్రమే. ప్రభుత్వం ముందుగా గూడెం గూడెం తిరిగి వాళ్ళను లెక్కించాలి. పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి చూపించకుండా ఒక్క గుడిసె కూడా కూల్చకూడదు. ఎస్టీ హోదాపై రాష్ట్రం కేంద్రానికి రాయాలి. ఇవి తేలేలోగా పిల్లలకు అంగన్‌వాడీ, బడి, దవాఖాన ఆగకూడదు. మిర్చి రైతు సంఘాలు కూడా నోరు విప్పాలి, ఎందుకంటే గొత్తికోయల చేతి పని విలువ అందరికన్నా ఎక్కువ తెలిసింది రైతులకే.