ఇందూరు నుండి జాగ్రెబు వరకు

బ్రతుకుతెరువు కొరకు పరదేశమునకు పోవుట నిజామాబాదు జిల్లాకు క్రొత్త కాదు. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడుటకు ఎంతో పూర్వమే ఇచ్చటి యువకులు గల్ఫు దారి పట్టిరి. ఆ జిల్లా బిడ్డయే గుగులోత్ సౌమ్య. ఆమెను దేశము దాటించినది ఫుట్‌బాలు.

కేరళలోని గోకులం జట్టున ఆడిన సౌమ్య 2022లో క్రొయేషియా రాజధాని జాగ్రెబుకు పోయి, అచ్చటి డైనమో క్లబ్బులో చేరినది. మధ్యప్రదేశమునకు చెందిన జ్యోతి చౌహాను ఆమెకు తోడు. పిమ్మట ఈస్టు బెంగాలు 2024-25లో భారత మహిళా లీగును గెలిచినపుడు సౌమ్య ఆ జట్టులో నున్నది. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెనే ఎన్నుకొన్నది.

ఈ ప్రయాణము ఘనమైనదే. కాని మన కొరతను కూడ తెలుపుచున్నది. దక్షిణ అమెరికా ఆటగాడు సాధారణముగా స్వదేశపు క్లబ్బులో రాటుదేలి, ఆ పైని దేశదేశములు తిరుగును. మనకు మహిళల జాతీయ లీగు 2016-17లో గాని ఆరంభము కాలేదు. అందువలన పిలిచిన చోటికెల్ల పోక మన బాలికకు గత్యంతరము లేదు. సౌమ్య వంటివారు మరికొందరు రావలెనన్నచో, సాయంకాలము బడి మైదానములో బాలికలకును చోటు దొరకవలెను. ఆ పని ఉపాధ్యాయుల చేతిలో నున్నది.