ఫ్రిజ్‌లో తూనీగ

పురుగుల ఫోటోల పిచ్చి పట్టినవాళ్ళకి ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు: "డబ్బాలో వేసి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, ఇక కదలదు." నాకూ ఇచ్చారు. నేనూ పెట్టాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేవి శ్రీరంగనీతులే అనుకోండి, అభ్యంతరం లేదు.

ఆ సలహా ఎందుకు పుట్టిందో తెలియంది కాదు. పురుగు ఎంతుందో సెన్సార్ మీద అంతే పడేలా తీస్తే, అపెర్చర్ ఎఫ్11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కన్ను పదునుగా వస్తే మీసం మసక. అందుకని ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ముప్ఫై, నలభై ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుతాం. సరిగ్గా ఇరవయ్యో ఫ్రేముకి అది కాలెత్తి మొహం తుడుచుకుంటుంది. ఒళ్ళు మండుతుందా లేదా?

ఫ్రిజ్‌లో పది నిమిషాలెందుకు, ఫ్రీజర్‌లో రెండు చాలనుకున్నాను (ఆప్టిమైజేషన్ బుద్ధి ఎక్కడికి పోతుంది!). ఇంతలో ఆఫీసు నుంచి ఫోను, సర్వర్ పడిపోయిందని. తెల్లారి ఐసుముక్కల కోసం ఫ్రీజర్ తెరిచిన మా అమ్మాయి డబ్బా తెచ్చి "నాన్నా, ఇది పడుకుందా?" అంది. ఏం చెప్పను?

శాస్త్రం కోసం సేకరించేవాళ్ళ సంగతి వేరు. మనది ఉత్త సరదా. పైగా అలా తీసిన బొమ్మని ప్రకృతి ఒడిలో దొరికినట్టు చూపిస్తాం చూడండి, నాకు అదింకా చిరాకు. కనీసం "చల్లబరిచి తీసినది" అని కింద రాయొచ్చుగా!

అసలు ఫ్రిజ్‌తో పనేముంది? డిసెంబర్లో ఎండ రాకముందే పెరట్లోకి వెళ్తే తూనీగలు గడ్డిపరకలకి వేలాడుతూ, ఒళ్ళంతా మంచుబొట్లతో బిగుసుకుని ఉంటాయి. ఎండ తగిలాక కొన్ని రెక్కలు వణికించి ఒళ్ళు కాచుకోవడం చూడాలి. దానికి నిద్ర లేవాలి, అదొక్కటే బాధ.

ఇప్పుడు మా కరివేపాకు చెట్టు మీద సీతాకోకచిలుక గొంగళిపురుగులున్నాయి. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. మొన్న లెన్స్ అంచు తగిలితే ఒకటి తల వెనక నుంచి ఎర్రటి పంగలకొమ్ము బయటపెట్టి ఘాటు వాసన కొట్టింది. (అదీ దాన్ని విసిగించడమే అంటారా? నిజమే. ఇంకోసారి తగలనివ్వలేదు.)

చెట్టుకి మందు కొట్టిద్దామంటోంది మా ఆవిడ. అవి గూళ్ళు కట్టుకునేదాకా గడువడిగాను. అందాకా కరివేపాకు బజార్లోనే.