మార్చుకుంటే ఏం మిగులుతుంది?

పెద్ద ఊళ్లలోలా మనకు గ్రాండ్‌మాస్టర్‌ కోచ్‌ ఎక్కడ దొరుకుతాడు? చెస్‌ నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ఇదే బెంగ. నంద్యాలలో ఉన్నా, ఆళ్లగడ్డలో ఉన్నా ఆ లోటును కొంతవరకు తీర్చే మార్గం ఒకటుంది. పెద్ద పోటీల్లో నిజంగా వచ్చిన ఆటను బోర్డు మీద పేర్చి, తర్వాతి ఎత్తును కాగితంతో కప్పి, ‘నువ్వయితే ఏం చేస్తావ్‌?’ అని పిల్లల్ని అడగడమే!

ఒకటి చూద్దాం. 2024 డిసెంబర్‌ 12, సింగపూర్‌. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆఖరిదైన 14వ గేమ్‌. చైనా ఆటగాడు డింగ్‌ లిరెన్‌వి తెల్లపావులు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్‌వి నల్లపావులు. స్కోరు చెరో 6.5. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు... అదే బిషప్‌. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. జాగ్రత్తగా ఆడితే డ్రానే. 55వ ఎత్తులో డింగ్‌ ఏనుగును ఎఫ్‌2 గడిలో పెట్టాడు, ఏనుగులు మార్చుకుందామని. పావులు తగ్గితే డ్రా దగ్గరవుతుంది కదా!

కానీ, అతని శకటు ఎ8 మూలలో ఉంది. అక్కడి నుంచి దానికి ఒకటే ఏటవాలు దారి. ఏనుగులు పోగానే గుకేశ్‌ తన శకటును ఆ దారిలోనే డి5లో నిలిపాడు. పక్కనే రాజు కాపలా. ఇక శకటులూ మారక తప్పలేదు. మిగిలింది రాజులూ బంట్లే. ఒక బంటు ఎక్కువున్న గుకేశ్‌కు గెలుపు ఖాయమైంది. 58వ ఎత్తుకు డింగ్‌ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్ల గుకేశ్‌ ప్రపంచ విజేత!

డి5 ఎత్తు కళ్లకు కనిపించే చమత్కారం. దాని వెనక వ్యూహం ఉంది. డ్రాకు తొందరపడకుండా ఆ ఒక్క బంటునూ కాపాడుకోవడం, రాజును నడిమధ్యకు తేవడం. అన్నట్టు, డింగ్‌ పొరపాటు మొదట గుకేశ్‌కూ తట్టలేదట. ఇంకో ఎత్తు వేయబోయి, ఆగి, మళ్లీ చూశాడు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి వేసేముందు రాయిని తేరిపార చూస్తాడు. ఎగిరిన పెచ్చు మళ్లీ అతకదు మరి. మార్చుకున్న పావూ అంతే.

ఈసారి పిల్లలు ఓడి వస్తే కోప్పడకండి. ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్‌ తీయించండి. పావులు మార్చుకున్న ప్రతిచోటా ఆపి, ‘తర్వాత ఏం మిగిలింది?’ అని అడగండి. మీకు చెస్‌ రాకపోయినా ఫర్వాలేదు. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.