రంగు తర్వాత... ముందు నీళ్లు చూడండి!

"బ్రో, బాస్‌కి ఏ ల్యూర్ కొనాలి?"

డాలస్‌లో ఉన్న మా వాట్సాప్ గ్రూపులో ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే మొదలయ్యే ప్రశ్న ఇది. అడిగిన ఐదు నిమిషాల్లో పది ఫొటోలు వచ్చి పడతాయి. ఒకడు ఎర్ర క్రాంక్‌బెయిట్ అంటాడు, ఇంకొకడు తళతళలాడే స్పిన్నర్‌బెయిట్ అంటాడు. పాపం అడిగినవాడు అవన్నీ కొనేస్తాడు. వారం మొత్తంలో దొరికేదే ఒక్క శనివారం. అది కాస్తా బాక్సులోని ల్యూర్లు మార్చుకుంటూ గడిచిపోతుంది. చేప మాత్రం పడదు.

ఆ పది సలహాల్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. కానీ ఏ నీళ్లలో వేస్తున్నాడో ఎవ్వరూ అడగలేదు. ల్యూర్ షాపులో సెలెక్ట్ అవ్వదండీ, చెరువు గట్టు మీద అవుతుంది. ఈ వారం ఆ లెక్కే చూద్దాం.

ఇండియాలో చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ బాస్ అంటే లార్జ్‌మౌత్ బాస్. ఉత్తర అమెరికా మంచినీళ్ల చేప. పచ్చటి ఒళ్లు, ఇంత పెద్ద నోరు. మన కొర్రమీను లాగే నాచులో, మొద్దుల చాటున మాటు వేసి మీద పడే రకం. ల్యూర్ అంటే నకిలీ ఎర. గాలానికి వానపాము గుచ్చితే దాని వాసనే సగం పని చేసిపెడుతుంది. చెక్కకో, ప్లాస్టిక్‌కో ఆ సౌకర్యం లేదు. కదలికతో, చప్పుడుతో, ఆకారంతో నమ్మించాలి. ఫిన్లాండ్ జాలరి లారీ రాపాలా కనిపెట్టిన కిటుకు ఇదే. గుంపులో తడబడుతూ ఈదే చిన్న చేప మీదకే పెద్ద చేపలు వస్తున్నాయని గమనించి, 1936లో కార్కు చెక్కి అచ్చం అలాగే తడబడే బొమ్మ చేపను తయారు చేశాడు. ముందు నీళ్లను చూశాడు, తర్వాతే ఎర చేశాడు.

మనమూ అదే వరసలో వెళ్దాం. గట్టు మీద నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

1. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి?

చేప ఒంటి వేడి నీళ్లను బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడితే బద్ధకిస్తుంది, వేటకు పరిగెత్తదు. చిన్న థర్మామీటర్‌ని దారానికి కట్టి ముంచితే సగం జవాబు దొరికినట్టే.

50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ ఉంటే, అంటే మన లెక్కలో 10 సెల్సియస్ లోపు, అన్నీ స్లో మోషన్‌లోనే. జిగ్ వాడండి. బరువైన తల ఉన్న గాలానికి రబ్బరు కుచ్చు తొడిగినట్టు ఉంటుంది. అడుగున మెల్లగా ఈడ్చాలి. లేదా సన్నటి జెర్క్‌బెయిట్ వేసి, రెండు కుదుపులు ఇచ్చి, ఆపి, పది అంకెలు లెక్కపెట్టండి. ఆగినప్పుడే పట్టుకుంటుంది.

50 దాటి 60 వైపు వెళ్తుంటే బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు కదులుతుంది, బాగా తింటుంది. స్పిన్నర్‌బెయిట్, క్రాంక్‌బెయిట్ లాంటి కాస్త వేగంగా లాగేవి అప్పుడు పనిచేస్తాయి. 60 దాటాక చాలా చేపలు లోతు తక్కువ చోట గూళ్ల మీద ఉంటాయి. అక్కడ మెత్తటి ప్లాస్టిక్ పురుగు నిదానంగా దిగడమే మేలు.

టెక్సాస్ ఎండాకాలంలో నీళ్లు 80 దాటిపోతాయి. తెల్లవారుజామున, చీకటి పడేముందు నీటి మీద చప్పుడు చేస్తూ వచ్చే టాప్‌వాటర్ ల్యూర్. మిట్టమధ్యాహ్నం అయితే లోతుకు దిగే క్రాంక్‌బెయిటో, బరువు కట్టిన పురుగో.

ఒక చిన్న కథ. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ 18.18 పౌండ్లు. 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టాడు. ఆయన ఆ రోజు వెళ్లింది బాస్ కోసం కానే కాదు, క్రాపీ అనే చిన్న రకం చేప కోసం. ఆ రికార్డు చేప పడింది బతికున్న బుల్లి చేప ఎరకి! ఖరీదైన ల్యూర్ వేసినవాళ్లు ఆ సరస్సులో ఎంతమంది ఉన్నా, జనవరి చలిలో చేప ముందుకు చేరింది మాత్రం ఆ చిన్న ఎర.

2. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి?

ల్యూర్‌ని కాళ్ల దగ్గరే నీళ్లలోకి దించండి. అడుగు లోతులోనే మాయమైతే మట్టినీళ్లు. నాలుగైదు అడుగుల దాకా కనిపిస్తే తేటనీళ్లు.

వాన పడ్డాక ఇక్కడి చెరువులు టీ రంగులోకి మారిపోతాయి. అప్పుడు బాస్ కళ్ల కంటే ఒంటిని నమ్ముకుంటుంది. తల నుంచి తోక దాకా పక్కన ఉండే గీతతో నీటి కదలికను పసిగడుతుంది. కాబట్టి గుండ్రటి రేకు ఉన్న స్పిన్నర్‌బెయిట్, లోపల గుళ్లు గలగలమనే క్రాంక్‌బెయిట్ లాంటి గట్టిగా అదిరేవి వెయ్యండి. తేటనీళ్లలో పూర్తిగా ఉల్టా. చిన్న ల్యూర్, సన్నటి దారం, దూరంగా విసరడం. మీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకోండి. మీకు అది కనిపిస్తోందంటే దానికి మీరూ కనిపిస్తున్నట్టే.

3. చేప ఎక్కడ దాక్కుంది?

నాచు ఉంటే టెక్సాస్ రిగ్. గాలం మొనను ప్లాస్టిక్ పురుగు ఒంట్లోకే దాచేస్తారు కాబట్టి నాచుకి తగులుకోదు. ఈ ప్లాస్టిక్ పురుగుకీ ఓ చరిత్ర ఉంది. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య తమ వంటింట్లో పోత పోసి తయారు చేశారు. ఆ తర్వాత బాస్ వేట రూపమే మారిపోయింది.

నాచు నీటిపైన చాపలా పరుచుకుని ఉంటే రబ్బరు కప్ప. మన ఊళ్లలో కొర్రమీనుకి కప్పను ఎర వేయడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. దాన్ని నాచు మీద గెంతిస్తూ తేవాలి. ఒక్క జాగ్రత్త. నీళ్లు పేలిన చప్పుడు వినగానే లాగెయ్యకండి. దారం బరువెక్కాకే గట్టిగా కొట్టాలి.

మునిగిన మొద్దులు, కొమ్మలు ఉంటే పొట్టి చదరపు మూతి ఉన్న క్రాంక్‌బెయిట్. ఆ మూతి కొమ్మకి తగిలి పక్కకి దూకుతుంది. అదిగో, ఆ దూకుడుకే బాస్ ఆగలేదు.

4. ఎండా, మబ్బా? గాలి ఎటు?

మబ్బు పట్టిన రోజు బాస్ నీడ వదిలి తిరుగుతుంది. మీరూ తిరుగుతూ విసిరేయొచ్చు. ఎండ కాస్తుంటే జెట్టీల కిందకీ, మొద్దుల కిందకీ దూరుతుంది. నీడ అంచునే గురి పెట్టాలి. గాలి కొడుతుంటే చాలామంది గాలి తగలని గట్టు వెతుక్కుంటారు. చేపలు మాత్రం గాలి కొట్టే గట్టు దగ్గర ఉంటాయి. గాలి చిన్న చేపల్ని అటే నెడుతుంది. పైగా అలల వల్ల మన ల్యూర్‌లోని లోపాలు కనపడవు.

ఇప్పుడు రంగు

అందరూ మొదట అడిగేది ఇక్కడ చివర వచ్చింది. కావాలనే. ఇలినాయ్ యూనివర్సిటీ పరిశోధకుల ప్రయోగాల్లో బాస్ ఎరుపునీ ఆకుపచ్చనీ బాగా గుర్తుపట్టింది. నలుపుకీ ముదురు నీలానికీ, తెలుపుకీ మెరిసే పసుపుపచ్చకీ మాత్రం తేడా పోల్చుకోలేక తికమకపడింది. అంటే అవే రంగుల్లో నాలుగు రకాలు కొన్నారంటే, ఆ తేడా మీ కళ్లకే! తేటనీళ్లకి ఆకుపచ్చ, గోధుమ లాంటి సహజ రంగులు. మట్టినీళ్లకి నలుపు లాంటి ముదురు రంగో, కొట్టొచ్చినట్టు కనిపించే రంగో. ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోవద్దు.

పడట్లేదా? మా ఆఫీసు పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు లైన్లు మార్చం కదా. మార్చితే ఏది పనిచేసిందో తెలీదు. ముందు లోతు మార్చండి. తర్వాత వేగం. తర్వాత ల్యూర్ రకం. ఆఖర్న రంగు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి.

మొదటి బాక్సుకి ఐదు చాలు: ఆకుపచ్చ ప్లాస్టిక్ పురుగులు ఒక ప్యాకెట్, తెల్ల స్పిన్నర్‌బెయిట్ ఒకటి, నల్ల జిగ్ ఒకటి, చదరపు మూతి క్రాంక్‌బెయిట్ ఒకటి, ఏదో ఒక టాప్‌వాటర్. మిగిలిన డబ్బుల్లో లైసెన్స్ తీసుకోండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకి అది తప్పనిసరి. స్టేట్ పార్కుల లోపల మాత్రం లైసెన్స్ లేకుండానే చేపలు పట్టొచ్చు. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టడం బెస్ట్. సైజు, సంఖ్య రూల్స్ సరస్సుని బట్టి మారతాయి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తిరిగి వదిలెయ్యాల్సిందే.

వదలడంలోనూ పద్ధతుంది. చేతులు తడుపుకున్నాకే పట్టుకోండి. పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది. ఎండాకాలంలో వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పోరాడి అలిసిపోయిన చేపకి ఒక్కో నిమిషం బరువే. ఫొటో కావాలంటే ముందు ఫోన్ రెడీగా పెట్టుకుని, తర్వాత చేపను నీళ్లలోంచి తియ్యండి. మూడు కొక్కేల గాలాలుంటే ముళ్లను ప్లయర్‌తో నొక్కేయండి, సులువుగా ఊడొస్తాయి. పెద్ద బాస్ అంత పెద్దది కావడానికి ఏళ్లు పడుతుంది. సరిగ్గా వదిలితే అది ఇంకొకరి శనివారానికి కూడా ఉంటుంది.