తోకకప్పల ఎంజైమూ, మన కీళ్ళూ

తోకకప్ప పెద్దదయ్యేటప్పుడు దాని తోక ఊడి పడిపోదు, కరిగిపోతుంది. ఆ పని చేసే కొలాజినేస్ అనే ఎంజైమ్‌ని 1962లో గ్రాస్, లపియేర్ అనే ఇద్దరు పట్టుకున్నారు. ఆ కుటుంబం ఎంజైములు మన ఒంట్లో కూడా ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిని ఎమ్ఎమ్‌పీలంటారు. పాత కణజాలాన్ని తీసేసి కొత్తదానికి చోటివ్వడం వాటి డ్యూటీ. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో అవే అదుపు తప్పి కీళ్ళలో మృదులాస్థిని తినేస్తాయి.

"అయితే వాటిని ఆపేస్తే పోలా?" అనిపిస్తుంది కదా. మందుల కంపెనీలకీ అలాగే అనిపించింది. రోష్ వాళ్ళు ట్రోకేడ్ అనే మందు చేశారు. జంతువుల్లో ఆశ పుట్టించింది గానీ, మనుషుల్లో కీళ్ళ అరుగుదలని ఆపలేకపోయింది. కేన్సర్ కోసం చేసిన మారిమాస్టాట్ ఈ ఎంజైముల్లో చాలావాటిని కలిపి ఆపేది. అది వాడినవాళ్ళకి ఎదురు కీళ్ళ నొప్పులొచ్చాయి!

మన భాషలో చెప్పాలంటే, ఒక ప్రాసెస్ మెమరీ తినేస్తోందని సర్వర్లో అలాంటివన్నీ కిల్ చేసినట్టన్నమాట. అసలు ఆ ప్రాసెస్‌ని ఎవరు పిలుస్తున్నారో చూడాలి కదా. ఇక్కడ పిలిచేవాళ్ళలో ముఖ్యుడు టీఎన్ఎఫ్. దాన్ని అడ్డుకునే ఎటనర్‌సెప్ట్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. అలాంటి మందులతో కీళ్ళ అరుగుదల నిజంగానే నెమ్మదించింది. కాకపోతే ఖరీదెక్కువ.

అందుకే ఎంజైముల ఫైలు మూసెయ్యకూడదని నేనంటాను. డాక్సీసైక్లిన్ పాత, చవక యాంటీబయాటిక్. బాక్టీరియాని చంపలేనంత తక్కువ డోసులో కూడా అది ఎమ్ఎమ్‌పీలని అణుస్తుంది. 20 మిల్లీగ్రాముల డోసుకి చిగుళ్ళ జబ్బు కోసం 1998లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. 2006లో ఓడెల్ బృందం, జబ్బు మొదలై ఏడాది దాటని 66 మందిపై పరీక్షించి, మెథోట్రెక్సేట్‌కి దీన్ని జతచేస్తే ఒక్క మెథోట్రెక్సేట్ కన్నా మేలని చూపించింది. తక్కువ డోసుకీ ఫలితం కనిపించింది. 66 మంది చాలరు, నిజమే. కానీ పేటెంట్ లేని మందు మీద పెద్ద ట్రయల్‌కి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ఇలాంటి పని ప్రభుత్వ డబ్బుతోనే జరగాలి. లాభం లేదు కాబట్టి ఎవరూ తేల్చని ప్రశ్నలకి జవాబు అవసరమైంది మనలాంటి దేశాలకే.

అంతవరకూ దయచేసి ఎవరూ మెడికల్ షాపుకెళ్ళి డాక్సీ కొనుక్కోకండి. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి, వాచి, వారాల తరబడి తగ్గకపోతే "వాతంలే" అని తైలాలు రాస్తూ కూర్చోకుండా రుమటాలజిస్టుకి చూపించండి. అరిగిన మృదులాస్థికి బ్యాకప్ లేదు.