ఆదాయం ఆగకూడదంటే.. అదనపు కంప్యూటర్ అవసరం
చవక ఒక్కటే చూస్తే చిక్కులు.. గంటలో పని అందుకునే యంత్రమే మేలు

నల్గొండ: ఒకే ఒక్క కంప్యూటర్‌ను నమ్ముకొని ఉపాధి పొందుతున్నవారు జిల్లాలోని ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు. మీసేవ, ఇంటర్నెట్ కేంద్రాలు, డీటీపీ దుకాణాలు, ఫొటో స్టూడియోలు, మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్కలు రాసే పన్ను సలహాదారులు.. అందరిదీ అదే పరిస్థితి. ఆ యంత్రం మొరాయించిన రోజున దుకాణం తెరిచినా మూసినా ఒక్కటే. రెండోది ఉంటే బాగుంటుందని తెలిసినా, ఏది కొనాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతును నిలిపివేసింది. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో అదే ఏడాది చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. ఈ రెండూ కలిసి ఎంపికను మరింత జటిలం చేశాయి.

నష్టం లెక్క ముందు..

ఎంతలో కొనాలన్నది తేల్చుకునే ముందు, లేకపోతే ఎంత పోతుందో లెక్కించుకోవాలి. ఉదాహరణకు రోజుకు రూ.800 మిగిలే కేంద్రం మరమ్మతు కోసం అయిదు రోజులు ఆగితే పోయేది రూ.4 వేలు. పైకి ఇది చిన్న మొత్తమే. అయితే దోస్త్ దరఖాస్తులు, ఎంసెట్ స్థానంలో వచ్చిన ఎప్‌సెట్ కౌన్సెలింగ్ జరిగే రోజుల్లోనో, పెళ్లి ముహూర్తాల వేళ శుభలేఖల పని ముమ్మరంగా ఉన్నప్పుడో ఆగితే నష్టం అంతటితో పోదు. పక్క దుకాణానికి వెళ్లిన ఖాతాదారు మళ్లీ తిరిగి రాకపోవచ్చు. పన్ను సలహాదారుల విషయంలో గడువే ప్రధానం. నెలవారీ జీఎస్టీఆర్-3బీ రిటర్ను తర్వాతి నెల 20లోగా దాఖలు కావాలి. పన్ను చెల్లించాల్సిన రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.50 చొప్పున రుసుము పడుతుంది. ఇరవై మంది వ్యాపారుల రిటర్నులు రెండు రోజులు ఆగితే అదే రూ.2 వేలు. పన్నుపై వడ్డీ అదనం.

పాతవాటిలో ఉన్న మర్మం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కార్పొరేట్ కార్యాలయాలు వాడి వదిలేసిన యంత్రాలు దొరుకుతాయి. డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ వంటివి గట్టి నిర్మాణం గలవి. విడిభాగాలూ సులభంగా లభిస్తాయి. అయితే వీటిలో మరీ చవకగా వచ్చేవి విండోస్ 11కు పనికిరానివే కావచ్చు. దానికి టీపీఎం 2.0 భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చింది 2017లో. ఆరు, ఏడు తరాల యంత్రాన్ని ‘ఐ7’ అన్న పేరు చూసి కొంటే భద్రతా నవీకరణలు అందని పెట్టెను ఇంటికి తెచ్చుకున్నట్లే. ఎనిమిదో తరం ఐ5 అంతకంటే మేలు. ఆధార్ వివరాలు, బ్యాంకు లావాదేవీలు నడిచే చోట ఈ తేడా కీలకం.

కొత్తవన్నీ మంచివనుకోవడమూ పొరపాటే. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వతో వచ్చే చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుండదు. విండోస్ నవీకరణలకే నిల్వ నిండిపోతుంది. కనీసం 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే దైనందిన పనులకు సరిపోతుంది.

డెస్క్‌టాప్ అయితే పెట్టె చాలు

డెస్క్‌టాప్ వాడుతున్నవారు రెండోది కొనేటప్పుడు మానిటర్, కీబోర్డు, యూపీఎస్ మళ్లీ కొనాల్సిన పని లేదు. సీపీయూ పెట్టె ఒక్కటి తెచ్చుకుంటే చాలు. పాత మానిటర్‌కు వీజీఏ కేబుల్ మాత్రమే ఉంటే, కొత్త పెట్టెకు ఆ సదుపాయం ఉందో లేదో చూసుకోవాలి. ఊళ్లలో కరెంటు కోతలు ఎదుర్కొనేవారికీ, శుభకార్యాలకు తిరిగే ఫొటోగ్రాఫర్లకూ ల్యాప్‌టాప్ అనుకూలం. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ తయారీ నాటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిలుస్తున్నది ఎంత అన్నది విండోస్ బ్యాటరీ నివేదికలో తెలుస్తుంది. దుకాణంలోనే చూపమని అడగాలి.

మరో మార్గమూ ఉంది. ప్రస్తుత యంత్రం ఆరోగ్యంగా ఉంటే, అదీ విండోస్ 11కు అర్హమైతే, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి దాన్నే అదనపు యంత్రంగా ఉంచుకోవచ్చు. కొత్తగా కొన్నది ప్రధాన యంత్రం అవుతుంది. పెట్టిన డబ్బు అటకెక్కకుండా రోజూ పనిచేస్తుంది.

బిల్లు లేకుంటే ముప్పే

సీరియల్ నంబరుతో కూడిన బిల్లు తప్పనిసరి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కార్యాలయాల నుంచి వచ్చిన యంత్రాలకు బయోస్ పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో చూడాలి. కొత్తదానిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రూ.30 వేల యంత్రానికి పన్ను రూ.5,400. సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారి తన నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు. చేతిలో డబ్బు లేనివారు ముద్ర పథకం ‘శిశు’ విభాగంలో రూ.50 వేల వరకు రుణానికి బ్యాంకులో దరఖాస్తు చేసుకోవచ్చు.

యంత్రం ఉన్నా సిద్ధంగా లేకపోతే..

అదనపు కంప్యూటర్ కొని మూల పెట్టడంతో అవసరం తీరదు. వేలిముద్ర యంత్రానికి ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం టోకెన్‌కు డ్రైవర్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అందులో ముందే ఎక్కించి ఉండాలి. ఇవి విండోస్‌కు మాత్రమే అందుబాటులో ఉంటే, ఉచితంగా దొరికే లినక్స్ ఆ కేంద్రానికి అక్కరకు రాదు. డీటీపీ పనివారు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ రెండో యంత్రంలోనూ సరిగా నడుస్తున్నాయో లేదో పాత ఫైలు తెరిచి పరీక్షించాలి. ట్యాలీ సిల్వర్ లైసెన్సు ఒక సమయంలో ఒకే కంప్యూటర్‌పై పనిచేస్తుంది కనుక, మార్చుకునే విధానం ముందే తెలుసుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యం సమాచారం. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. పదేళ్ల ఖాతాలు, ఆల్బమ్‌లు, డిజైన్లు పోతే కొనలేం. రోజూ సాయంత్రం విడి హార్డ్‌డిస్క్‌లోకి ప్రతి తీసి, ఆ వెంటనే డిస్క్‌ను వేరుచేయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్ దానికీ పాకుతుంది. పాత యంత్రాన్ని అమ్మే ముందు ఖాతాదారుల ఆధార్, పాన్ ప్రతులున్న డిస్క్‌ను పూర్తిగా చెరిపివేయడం కనీస బాధ్యత.

వారంలో ఒకరోజు పని మొత్తం రెండో యంత్రంపైనే చేస్తే లోటుపాట్లు ముందే బయటపడతాయి. ప్రధాన యంత్రం ఆగిన గంటలోపే పని తిరిగి మొదలయ్యేలా ఉంటేనే ఆ కొనుగోలుకు అర్థం. ఆ పరీక్షలో నెగ్గని యంత్రం ఎంత చవకగా వచ్చినా దండగే.