పేస్లిప్ ఒక్కటే చాలదు బాస్

మా కొమరోలులో ఓ నమ్మకం ఉంది. సాఫ్ట్‌వేర్ జాబ్ అంటే చాలు, బ్యాంకోళ్లు పిలిచి మరీ ఇంటి లోన్ ఇస్తారని. అంత సీన్ లేదు.

మూడు నెలల పేస్లిప్పులు అడుగుతారు, నిజమే. కానీ వాటిని ఊరికే నమ్మరు. చేతికి 60,000 అని ఉంటే, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అదే కంపెనీ పేరుతో అంతే పడాలి. టీడీఎస్ కట్ అయితే అది ఫారం 16లోనూ, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల 26ఏఎస్‌లోనూ ఒకేలా కనబడాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ నెలదాకా జమ చేసిందో ఉంటుంది. ఆపైన హెచ్‌ఆర్‌కి ఫోనో మెయిలో వెళ్తుంది. ఇంటికి మనిషి కూడా రావచ్చు, పక్కింటివాళ్లనీ అడగొచ్చు.

డబ్బులిస్తే పేస్లిప్ తయారుచేస్తారట, తీసుకోనా అన్నా అని మొన్న ఓ జూనియర్ అడిగాడు. పీడీఎఫ్‌లో అంకె మార్చడం ఐదు నిమిషాల పనిరా, పీఎఫ్ సర్వర్‌లో ఉన్నది ఎవడు మారుస్తాడు? దొరికితే లోన్ పోవడంతో ఆగదు, ఫోర్జరీ కేసు అవుతుంది.

నా బాధ మా చిన్నాయన గురించి. మార్కాపురంలో పలకల పని. సంపాదన నిజం, కానీ కూలి చేతికి నగదుగా వస్తుంది. దానికి పేస్లిప్ లేదు, పీఎఫ్ లేదు. లోన్ అడిగితే, రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు తెమ్మన్నారు. ట్యాక్స్ పడకపోయినా రిటర్న్ వేయొచ్చని ఆయనకెవరూ చెప్పలేదు. ఈ నెల నుంచి కూలి డబ్బులు ముందు ఖాతాలో వేస్తున్నాడు. మొదటి రిటర్న్ నేనే వేస్తా.